గోనెపట్ట ఎత్తిన నాలుగు పగళ్లు

నా కూతురి కూతురు పోయిన నెల జ్యోతినగర్ దారిలో ఉన్న నర్సరీ నుంచి ఒక మొక్కను తెచ్చి, మేమిద్దరం ఉంటున్న ఈ గోదావరిఖని ఫ్లాటులో తన పడకగదిలో పెట్టుకుంది. చిన్న తెల్లని కుండీ, మైనం రాసినట్టు మెరిసే ముదురాకుపచ్చ ఆకులు. తెచ్చిన రోజున లెక్కపెడితే నాలుగు రెమ్మలకు కలిపి నలభై ఒకటి ఉన్నాయి. ఎండ అక్కర్లేదని, పది రోజులకోసారి నీళ్లు పోస్తే చాలని, చీకటి గదిలో కూడా బతుకుతుందని అమ్మినవాడు చెప్పాడట. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఆకులు ముప్పై మూడుకు దిగాయి, అందులో అయిదు పసుపెక్కాయి. చీకట్లో ఏ మొక్కా బతకదు, కొన్ని కాస్త ఆలస్యంగా చచ్చిపోతాయి, అంతే తేడా.

మనవరాలు ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు. నెలలో పది రోజులు దానికి నైట్ డ్యూటీ పడుతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి, స్నానం చేసి, ఇంత తిని, తొమ్మిదిన్నరకల్లా గదిలో మందపాటి పరదా లాగేసి పడుకుంటుంది. పోయిన సోమవారం పడుకోబోతూ ఆ మొక్క వైపు చూసి, నన్ను పిలిచి ఒక పని చెప్పింది.

"అమ్మమ్మా, నేను పండుకున్నంక పరద జరంత పక్కకు జరుపు. మొక్కకు వెల్తురు తాకాలె. నాకేం గాదు తియ్యి, నేను పడ్డనంటె పీనుగునే."

నేను జరపలేదు. సాయంత్రం లేచి చూసుకుని, మొక్క చావడం ఇష్టమా నీకు, గింత పని చెప్తే చెయ్యవా అని కోప్పడింది. సరేనన్నాను కానీ మంగళవారం కూడా జరపలేదు. పరదా అంచు పట్టుకుని, మళ్లీ వదిలేశాను. డెబ్బై నాలుగేళ్ల ముసలిదానికి మతిమరుపని మీరు అనుకోవచ్చు, కానీ ఇది మరుపు కాదు. దీని సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా కూతురికి కూడా. బొగ్గు గనుల క్వార్టర్లలో కాపురం చేసి, మొగుడి షిఫ్టును బట్టి పొయ్యి వెలిగించిన నా ఈడు ఆడవాళ్లకైతే ఎక్కువగా విప్పి చెప్పాల్సిన పని ఉండదు.

మాది మంథని దగ్గర గోదావరి ఒడ్డున ఒక చిన్న పల్లె. ఏడో తరగతి దాకా చదివాను. లెక్కల్లో మా అన్న కంటే నేనే ముందుండేదాన్ని, దాని వల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు కానీ కనిపించినదాన్ని లెక్కపెట్టి రాసుకునే అలవాటు మాత్రం మిగిలింది. పెళ్లయి గోదావరిఖనికి వచ్చేనాటికి మా ఆయన భూమి లోపల గనిలో పట్టాల మీద ఇనుప తాడు లాగే బొగ్గు టబ్బుల దగ్గర పని చేసేవాడు. ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండో షిఫ్టు, ఒక వారం నైట్ షిఫ్టు, మళ్లీ మొదటికి. ఆ చక్రం ఇరవై ఒక్క రోజులకోసారి తిరిగేది. ఏ వారం ఏ షిఫ్టో మరిచిపోకుండా నేను బట్టల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండర్ గడుల్లో ఒకటి, రెండు, మూడు అని రాసిపెట్టేదాన్ని.

మాకిచ్చిన క్వార్టర్ రెండు గదులు. ముందు గదిలో తూర్పు వైపున ఒక్కటే కిటికీ, దాని కింద నులక మంచం, ఎదురు గోడ మూలన మంచినీళ్ల కుండ. వెనక వంటగదికి కిటికీ లేదు, పైన చిన్న జాలీ ఉండేది. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే ఆ ముందు గది పగలంతా చీకటి గుయ్యారం. ఎండాకాలమైతే కిటికీకి బయట తడిపిన గోనెపట్ట వేలాడదీసేవాళ్లం. దాంతో చల్లదనం వచ్చేది, వెలుతురు ఆగిపోయేది.

ఆ రోజుల్లో పగటి నిద్రకు మా క్వార్టర్ల లైను మొత్తం ఎంత విలువ ఇచ్చేదో తలచుకుంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన మనిషి గని బూట్లను కడిగి గుమ్మం పక్కన బోర్లించేవాళ్లం. ఆరడానికే మొదట బోర్లించి ఉంటారు, కానీ పోనుపోను అదే గుర్తు అయింది. బోర్లించిన బూట్లు కనిపిస్తే కూరగాయల అవ్వ ఆ ఇంటి ముందు కేక మింగేసి, నాలుగిళ్లు దాటాక మళ్లీ ఎత్తుకునేది. పిల్లలు గోలీల గీతను ఇంకో చోట గీసుకునేవారు. గని ఆఫీసు నుంచి చీటీ తెచ్చిన మనిషి తలుపు కొట్టకుండా వెనక వాకిలికి తిరిగి వచ్చేవాడు. నేనైతే గాజులు మోచేతి దాకా ఎగదోసి, మధ్యలో గుడ్డపేలిక చుట్టుకుని వంట చేసేదాన్ని. సాయంత్రం నాలుగయ్యేదాకా రోట్లో పచ్చడి నూరేదాన్ని కాదు. బియ్యం చేటలో చెరిగేటప్పుడు కూడా వాకిట్లోకి పోయేదాన్ని. చప్పుడు విషయంలో నన్ను ఎవరూ తప్పుపట్టలేరు.

పెళ్లయిన నాలుగో ఏడు, భాద్రపదంలో, మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చి, తడిగుడ్డలో చుట్టి మూడు తమలపాకు తీగ ముక్కలు తెచ్చింది. మా పుట్టింటి బావి పక్కన ఆ తీగ మా నాయనమ్మ కాలం నుంచి ఉండేది, అమ్మ భోజనం అయ్యాక అందులోంచి రెండాకులు కోసుకోనిదే ఇంకో పని ముట్టేది కాదు. మొదటి ముక్కను నల్లా పక్కన నాటితే తొమ్మిదో రోజున మేక తినిపోయింది. రెండోదానికి దడి కట్టాను కానీ మా లైనుకు ఎదురుగా బొగ్గు బంకరు ఉండేది, గాలి ఎటు తిరిగినా నుసి ఆకుల మీద పేరుకునేది. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ కాటుకలాగా అయ్యేది, మర్నాటికి మళ్లీ అంతే. అది దీపావళి చూడలేదు. మూడోదాన్ని పాత నూనెడబ్బాలో మట్టి పోసి, ముందు గదిలో మంచినీళ్ల కుండ పక్కన పెట్టాను. కుండ చెమ్మకు అది వేరూనింది. అమ్మ మళ్లీ వచ్చినప్పుడు దాన్ని చూసి ఒకటే మాట చెప్పింది.

"ఎండల పెడితే మాడుతది, చీకట్ల పెడితే ముడుచుకుంటది బిడ్డా. నీడ వట్టున ఉండాలె గని వెల్తురు అందాలె."

ఆ పుష్యమాసంలో అమ్మ పోయింది, మూడు రోజుల జ్వరమే. అదే చలికాలం మా ఊరిని ఓపెన్ కాస్టు కోసం, అంటే పైనుంచి తవ్వుకుంటూ పోయే గని కోసం, ఖాళీ చేయించారు. నేను పదమూడో రోజుకు పోయినప్పుడు బావి ఉంది, తీగ ఉంది. మాసికానికి పోయేసరికి మా వీధి ఉండాల్సిన చోట మట్టి గుట్ట ఉంది. మా అన్న తన వాటాకొచ్చిన దూలాలను, తలుపులను బండిలో ఎక్కించుకున్నాడు కానీ తీగ సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ రోజు ఇంటికి తిరిగి వచ్చి నూనెడబ్బాలోని తీగ ముందు కూర్చుని ఆకులు లెక్కపెట్టాను. పందొమ్మిది. మా అమ్మది, మా ఊరిది, ఈ భూమ్మీద ప్రాణంతో మిగిలింది ఆ పందొమ్మిది ఆకులేనని నాకు అనిపించింది.

అప్పటి నుంచి క్యాలెండర్‌లో షిఫ్టు అంకె కింద తీగ లెక్క కూడా మొదలైంది. నీళ్లు పోస్తే "నీ", కొత్తాకు వస్తే "కొ", ఆకు పసుపెక్కితే "ప". మా ఆయన పొద్దున్నే టీ తాగుతూ ఆ గడులను చూసి నవ్వేవాడు.

"మా మస్టర్ రాసే బాబు నీ ముందట దండుగ. ఇయ్యాల తీగ డ్యూటీకొచ్చిందా, నాగా పెట్టిందా?"

మస్టర్ అంటే గనిలో హాజరు పుస్తకం, నాగా అంటే పనికి రాకపోవడం. తీగ తరచుగానే నాగా పెడుతుండేది. ఆకులు ఒకటొకటిగా పసుపెక్కి, కాడ మెత్తబడి రాలిపోయేవి. పక్క క్వార్టర్‌లో ఉండే ఆవిడను నేను వదిన అని, ఆమె భర్తను అన్న అని పిలిచేదాన్ని. ఆయనా మా ఆయనా ఒకే గనిలో, ఒకే షిఫ్టులో చేసేవారు. ఆ వదిన ఒకరోజు కుండలోంచి నీళ్లు ముంచుకుంటూ తీగను కిందామీదా చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"అంటుముట్టు దినాలల్ల తాకినవా ఏంది? తమలపాకు తీగ ఊకె ఉండదమ్మా, శానా మడి దానిది. చూడు ఎట్ల పసుపెక్కిందో, కామెర్లొచ్చిన పిల్ల తీర్గ."

ఆమె పోయాక క్యాలెండర్ దించి, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. పదకొండు వారాల్లో "ప"లు మొత్తం పద్నాలుగు. వదిన చెప్పిన రోజులతో పోల్చి చూశాను, పొంతన కుదరలేదు. నీళ్లు పోసిన రోజులతో చూశాను, అదీ కుదరలేదు. అప్పుడు పైనున్న షిఫ్టు అంకెలను చూశాను. పద్నాలుగింటిలో పన్నెండు మూడో అంకె వారం చివరనో, ఆ తర్వాతి మూడు నాలుగు రోజుల్లోనో పడ్డాయి. అంటే మడి కాదు, మైల కాదు; నైట్ షిఫ్టు వారం గది చీకటవుతోంది, ఆ చీకటికి తీగ ఆకులు రాలుస్తోంది. ఆ లెక్క తేలినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఏడో తరగతిలో పంతులు బోర్డు మీద వేసిన లెక్క అందరికంటే ముందు చేసి పలక చూపించినప్పటి సంతోషం అది. దాన్ని గురించి ఇప్పుడు సిగ్గుపడతాను.

వైశాఖమాసం వచ్చింది, ఎండలు ముదిరాయి. తీగకు అప్పటికి పదకొండు ఆకులే మిగిలాయి. క్యాలెండర్‌లో వచ్చే సోమవారం నుంచి మూడో అంకె. ఈ వారం కూడా చీకట్లో ఉంటే ఇంకో నాలుగైదు రాలతాయి, ఆపై వచ్చే నైట్ షిఫ్టు నాటికి ఒట్టి కాడ మిగులుతుందని లెక్క వేసుకున్నాను. డబ్బాను పగటిపూట వంటగదిలో పెడితే పొయ్యి సెగ. వెనక వాకిట్లో పెడితే నుసీ, వడగాలీ. ఒక పూట పెట్టి చూశాను, రెండాకులు అంచులు కాలాయి. అందుకని మంగళవారం పొద్దున, మా ఆయన నైట్ షిఫ్టు నుంచి వచ్చి నిద్రపోయాక, మెల్లగా బయటికి పోయి కిటికీకున్న గోనెపట్ట అడుగు అంచును జానెడు పైకి మడిచి, రెండు సూదిపుల్లలు గుచ్చి లోపలికి వచ్చాను. జానెడు వెలుతురు చారలాగా గది దాటి ఎదురు గోడ మూలన ఉన్న తీగ మీద పడింది. ఆకులు ఆ వెలుగులో ఎంత లేతగా, పలచగా ఉన్నాయో అప్పుడు కనిపించింది. మంచం మీద మా ఆయన గోడ వైపు తిరిగి గురక పెడుతున్నాడు. చార మంచానికి అవతల పడింది, ఆయనకు తగలడం లేదు. అయినా రోజుకు ఎనిమిది గంటలు పొద్దు మొహం చూడకుండా భూమి లోపల ఉండే మనిషికి జానెడు వెలుతురు అడ్డమవుతుందా, కాస్త హాయిగానే ఉంటుందేమో అని కూడా అనుకున్నాను. తలుపు దగ్గరగా వేసి వంటగదిలోకి పోయాను.

మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం. నాలుగు పగళ్లు.

బుధవారం పదకొండు దాటాక మంచినీళ్లకని ముందు గదిలోకి తొంగిచూస్తే ఆయన మొహం మీద తువ్వాల కప్పుకుని ఉన్నాడు. ఈగలనుకున్నాను. అప్పుడే మామిడికాయలు తెచ్చి పెట్టాం, ఈగలు ముసురుతున్నాయి కూడా. వాటి కోసం వంటగది తలుపు సందులో గుడ్డ కుక్కాను. గురువారం ఆయన పన్నెండుకే లేచి కూర్చున్నాడు. ఏమైందంటే ఉక్కపోత అన్నాడు. గోనెపట్టను మళ్లీ తడిపాను, మడిచిన అంచు మడిచినట్టే ఉంచి తడిపాను. శుక్రవారం తీగ చివరన వేలి గోరంత కొత్త చిగురు కనిపించింది. ఆ వారంలో ఒక్క "ప" కూడా పడలేదు. శుక్రవారం గడిలో "కొ" అని రాసి, చుట్టూ సున్నా చుట్టాను. నైట్ షిఫ్టు వారంలో కొత్తాకు రావడం అదే మొదలు. ఆ సాయంత్రం డ్యూటీకి తయారవుతున్న మా ఆయనకు చూపించాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వంగి చిగురును చూసి, మీ అమ్మ గట్టిదే అని నవ్వాడు.

శనివారం పొద్దున నేను కల్లాపి చల్లుతుంటే, షిఫ్టు దిగే సైరన్ ఇంకా మోగకముందే, పక్కింటి అన్న ఒంటి నిండా బొగ్గుతో వచ్చి నిలబడ్డాడు. సైరన్ కంటే ముందు మనిషి ఇంటికి వచ్చాడంటే అర్థం ఏమిటో గని కాలనీ ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బొక్కెన జారి నా పాదాల మీద పడింది.

"చెల్లె, భయపడకు, ప్రాణానికేం గాలె. చెయ్యి నలిగింది. టబ్బుల నడుమ వడ్డది. జల్ది చెప్పులు తొడుగు, దవాఖానకు పోదాం."

ఎడమ చేతికి చిటికెన వేలు, దాని పక్క వేలు మొదలంటా పోయాయి. మూడో వేలు ఉంది కానీ మడవడానికి రాదు. దవాఖానలో వరండా బయట వేపచెట్టు కింద నేను కూర్చుంటే, అన్న నా పక్కన చతికిలబడి, నేల గీకుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"మూడు దినాల సంది బావకు కండ్లు మూతలు వడుతున్నయ్. నిలవడే తూగుతుండు. పగటీలి నిద్ర పడుతలేదా అని అడిగిన. ఎండలు గద బామ్మర్ది అన్నడు."

నాకు అప్పటికి ఏమీ తట్టలేదు. మూడు రోజులు అన్న మాట మాత్రం చెవిలో పడి ఉండిపోయింది, నాకు లెక్కలు అలాగే ఉండిపోతాయి.

ఎనిమిది రోజులు దవాఖానలోనే ఉన్నాను. తొమ్మిదో రోజు, ఆదివారం, ఆయనకు బట్టలు తేవడానికి పొద్దున్నే క్వార్టర్‌కు వచ్చాను. తీగకు వదిన నీళ్లు పోస్తోంది. మడి సంగతి ఆమె కూడా మరిచిపోయినట్టుంది. శుక్రవారం నాటి చిగురు విచ్చుకుని, అరచేతిలో సగమంత ఆకైంది. కిటికీకి గోనెపట్ట ఎండిపోయి, నేను మడిచినట్టే, సూదిపుల్లలతో సహా వేలాడుతోంది. బట్టలు మూట కట్టి మంచం మీద కూర్చున్నాను. గోడగడియారంలో అప్పుడు తొమ్మిది. జానెడు చార తీగ మీద ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయాను. తొమ్మిదీ ఇరవైకి చార డబ్బా మీదికి దిగింది. తొమ్మిదిన్నరకు నేల మీదికి వచ్చింది. పొద్దు పైకెక్కుతున్న కొద్దీ చార వెనక్కి, కిటికీ వైపు నడుస్తోంది. తొమ్మిదీ యాభైకి మంచం అంచు ఎక్కింది. పదికి దిండు మీద ఉంది. నేను పక్కకు జరిగి, ఆయన పడుకున్నట్టు దిండు మీద తల పెట్టి చూశాను. కళ్లల్లో సూదులు గుచ్చినట్టయింది. కళ్లు మూసుకున్నాను. రెప్పల లోపలంతా ఎర్రగా మండింది. పదీ నలభై దాకా అది దిండు దిగలేదు.

ఆ నాలుగు రోజులూ ఆ వేళకు నేను వంటగదిలో గాజులు ఎగదోసుకుని, చప్పుడు కాకుండా చారు కాస్తున్నాను. తువ్వాల ఈగలకు కాదు. ఉక్కపోత ఉక్కపోత కాదు. తొమ్మిదికి పడుకున్న మనిషికి పదింటికి మెలకువ వస్తే, వేసవి పగలు ఆ తెగిన నిద్ర మళ్లీ అతుక్కోదు. మంగళవారం పగలు తెగిన నిద్ర మంగళవారం రాత్రి గనిలోకి పోయింది, బుధవారంది దాని మీద పడింది, గురువారంది, శుక్రవారంది. నేను క్యాలెండర్ దించలేదు. దించక్కర్లేదు, నాకు వచ్చు. నా చేతి రాతతోనే ఉంది అంతా: పైన మూడో అంకె, కింద ఒక్క "ప" కూడా లేకుండా నాలుగు గడులు, నాలుగో దాంట్లో సున్నా చుట్టిన "కొ", అయిదో గడి ఖాళీ.

సూదిపుల్లలు పీకి గోనెపట్ట దించేశాను. నూనెడబ్బాను ఎత్తి వంటగదిలో, బొగ్గు పోసే మూలన, గోడకు తోసి పెట్టాను. అమ్మది అని కూడా ఆగలేదు.

ఆయన పద్దెనిమిదో రోజున ఇంటికి వచ్చాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడదీసుకుని గుమ్మంలో నిలబడి, కుండ పక్కన ఖాళీ జాగాను చూశాడు. తర్వాత నేరుగా వంటగదిలోకి పోయి, మంచి చేతితో డబ్బాను చంకన ఇరికించుకుని తెచ్చి, దాని చోట దాన్ని పెట్టాడు. ఏడు ఆకులు ఉన్నాయి దానికి అప్పుడు.

"దీన్నెందుకే నాగా పెట్టించినవ్?" అన్నాడు, అంతే. కిటికీ దగ్గరికి పోయి గోనెపట్టను మొత్తానికే ఎత్తి, పైన మేకుకు తగిలించాడు. నా వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేదు.

ఆయనకు తెలుసు. నాలుగు పగళ్లు కళ్లల్లో వెలుతురు పడి లేచిన మనిషికి అది ఎక్కడి నుంచి వస్తోందో, ఎందుకు వస్తోందో తెలియకుండా ఉంటుందా? చెయ్యి చాపితే అందే గోనెపట్టను ఆయన దించలేదు. తువ్వాల కప్పుకున్నాడు. చనిపోయిన నా తల్లి తీగ అని దించలేదేమో. ఏమో. గనిలో విచారణ జరిగినప్పుడు, తాడు ఒక్కసారి గుంజిందని, అంతే తప్ప ఇంకేమీ లేదని చెప్పాడు. తాడు గుంజి ఉండవచ్చు. అలా గుంజిన తాళ్ల గురించి నేను చాలా విన్నాను. కానీ అది విచారణలో చెప్పిన మాట, నాకు చెప్పిన మాట కాదు. తూగానని ఒప్పుకుంటే తప్పు తన మీదికి వచ్చే చోట ఏ మనిషైనా తాడు గుంజిందనే చెబుతాడు. ఆ తర్వాత ఆయన నలభై నాలుగేళ్లు బతికాడు. ఒక్కసారి అడిగి ఉండవలసింది. కూర కలుపుతూ, పేపరు మడుస్తూ, ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో, ఆ ఒక్కదానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు. తాడే గుంజింది అంటే నమ్మను, నిద్రే అంటే తట్టుకోను. ఏ జవాబైనా పనికిరాని ప్రశ్నను ఎలా అడగడం?

చెయ్యి అలా అయ్యాక ఆయన్ను మళ్లీ లోపలికి పంపలేదు. పైన, దీపాల గదిలో, కార్మికులు నెత్తికి పెట్టుకునే లైట్లకు ఛార్జింగు పెట్టి నెంబరు ప్రకారం ఇచ్చే పని ఇచ్చారు. ఎప్పుడూ పగటి డ్యూటీయే. ఇక మా ఇంట్లో నైట్ షిఫ్టు లేదు, గోనెపట్ట లేదు, కిటికీ పొద్దస్తమానం తెరిచే ఉండేది. తీగ గోడ పాకి, దూలం చుట్టి, జాలీ దాకా పోయింది. చూసినవాళ్లు నీ చేతి వాసి మంచిదనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నా కళ్లు ఆయన ఎడమ చేతి మీదికి పోయేవి. తీగకు నీళ్లు పోసే పని ఆయనే తీసుకున్నాడు. భోజనం అయ్యాక రెండాకులు కోసి, ఒకటి నాకిచ్చేవాడు, నేను వేసుకునేదాన్ని. నమలడం మానలేదు, మానితే కారణం చెప్పాల్సి వచ్చేది. ఆకులు లెక్కపెట్టడం మాత్రం మానేశాను. ఆయన రిటైరై క్వార్టర్ అప్పగించిన నాడు తీగను వదినకు వదిలి వచ్చాం. తర్వాత ఓపెన్ కాస్టు ఆ లైన్ల దాకా వచ్చింది. ఇప్పుడు మా పుట్టింటి బావి, నేను కాపురం చేసిన క్వార్టర్ రెండూ మట్టి గుట్టల కిందే ఉన్నాయి. ఆయన పోయి ఆరేళ్లు.

అందుకే పరదా జరపలేదు. మనవరాలికి ఇదంతా చెప్పలేక, ఈ బుధవారం నుంచి ఒక పని చేస్తున్నాను. అది నిద్రపోయాక, చీకట్లోనే తడుముకుంటూ ఆ తెల్ల కుండీని ఎత్తి, హాలు దాటి, బయట మెట్ల దగ్గరున్న కిటికీ గట్టు మీద పెడుతున్నాను. ఇరవై రెండు అడుగులు. మోకాళ్లు కలుక్కుమంటాయి. నాలుగింటికి మళ్లీ లోపలికి. ఇది కనిపెట్టి నిన్న మనవరాలు నవ్వింది.

"మొక్కకు నౌకరి చేస్తున్నవా అమ్మమ్మా? పరద జరిపితె అయిపోవు గద, నీకేం పంతం?"

పంతమే అన్నాను.

ఈ రోజుల్లో పగటి నిద్ర ఎవరికీ లెక్కలోనిది కాదు. రాత్రి పని చేసే వాళ్లు ఇప్పుడు గనుల్లోనే కాదు, ఆసుపత్రుల్లో, ఏటీఎంల దగ్గర, కంప్యూటర్ల ముందు, అప్పటికంటే ఎక్కువమందే ఉన్నారు. కానీ వాళ్ల కోసం కేక మింగే కూరగాయల అవ్వ లేదు. పదింటికి పార్సిల్ వాళ్లు బెల్లు నొక్కుతారు, పదకొండుకు పై ఫ్లాటు వాళ్లు గోడకు రంధ్రాలు పెడతారు, కింద ఆటోలో మైకు పెట్టుకుని ఉల్లిగడ్డలు అమ్ముతారు. అడిగితే తప్పు వాళ్లది కూడా కాదు. లోపల ఒక మనిషి నిద్రపోతోందని వాళ్లకు ఎలా తెలియాలి?

అందుకని గురువారం నాడు మనవరాలి తెల్ల డ్యూటీ బూట్లను గుమ్మం పక్కన బోర్లించి పెట్టాను. అరగంట తర్వాత తలుపు తీసి చూస్తే ఎవరో వాటిని సరిగా తిప్పి, జతగా, అందంగా సర్ది పోయారు. మళ్లీ బోర్లించాను. మధ్యాహ్నానికి మళ్లీ తిప్పి ఉన్నాయి. మెట్లు ఊడ్చే ఆవిడో, ఎదురింటి ఆయనో, ముసలామెకు కళ్లు కనపడక తలకిందులుగా పెట్టిందని సాయం చేస్తున్నారు. ఈ మూడు రోజుల్లో ఏడు సార్లు తిప్పారు, ఏడు సార్లు బోర్లించాను.

మొక్కకు ఇవాళ ఇంకో ఆకు రాలింది. రాసుకోలేదు. క్యాలెండర్ గడిలో ఇప్పుడు నేను రాస్తున్నది ఒక్కటే లెక్క, మనవరాలు నిద్రపోయిన గంటలు. బుధవారం అయిదుంబావు. గురువారం అయిదున్నర, బెల్లు వల్ల. నిన్న ఆరున్నర గంటలు, మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ఇప్పుడు పదీ పది. గది తలుపు సందులోంచి చూశాను, దిండు మీద చీకటిగానే ఉంది.